హరిశ్చంద్ర నాటక కర్త బలిజేపల్లి లక్ష్మీకాంత కవి

ఆంధ్రదేశమున హరిశ్చంద్ర నాటకము నెరుగని గ్రామము లేదు. పంటలు ఇల్లు చేరిన పిమ్మట, శ్రీరామనవమి పందిళ్లలోను, తిరునాళ్లలోను, పెట్రోమాక్సు దీపముల వెలుగున ఆ నాటకము తెల్లవారుదాక సాగెడిది. వేలిముద్రయే తప్ప సంతకము నెరుగని రైతులు, బండ్లు తోలువారు, మగ్గములపై నేయువారు ఆ పద్యములను పొల్లుపోకుండ చదివెడివారు. ఏ యేట ఏ నటుడు ఏ వేషము కట్టెనో, ఏ పద్యమునకు జనులు ఎన్నిసార్లు మరల చదివించిరో పెద్దలు లెక్క తప్పక చెప్పెడివారు. కాని ఆ పద్యములను వ్రాసినది ఎవరని యడిగినచో పలువురు తడుముకొందురు. ఆ కవి బలిజేపల్లి లక్ష్మీకాంతముగారు. నాటకరంగమునకు పద్యములను, చలనచిత్రములకు మాటలను పాటలను సమకూర్చి, రెండు రంగములందును మన్నన పొందిన ఈ మహనీయుని చరిత్ర పఠన పాఠనములయం దభిరుచి గలవారందరును తెలిసికొనదగినది.

లక్ష్మీకాంత కవిగారు 1881వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన గుంటూరు మండలమున, బాపట్ల ప్రాంతమునందలి ఇటికంపాడు గ్రామమున జన్మించిరి. తండ్రి నరసింహశాస్త్రిగారు; తల్లి ఆదిలక్ష్మమ్మగారు. పండిత కుటుంబములోని బాలురకు అమరము, కావ్యములు, వ్యాకరణము చిన్ననాటనే అలవడుట ఆ కాలపు మర్యాద. భాగవతుల అన్నయ్యశాస్త్రిగారి సన్నిధిని ఆయన సంస్కృతాంధ్రములను అభ్యసించిరి. పిమ్మట కర్నూలునందు మేనమామగారి యింట నుండి మెట్రిక్యులేషను పూర్తిచేసిరి. ప్రాచీన విద్యయు, నవీన విద్యయు ఒక్కచోట చేరుట ఆ తరమువారిలో అందరకును లభించిన భాగ్యము కాదు.

చదువు ముగిసిన తరువాత ఆయనకు దొరికిన మొదటి యుద్యోగము సబ్‌రిజిస్ట్రారు కచేరిలో గుమాస్తా పని. క్రయపత్రములు, తనఖా పత్రములు, అప్పు కాగితములు నిత్యము నడచు స్థలమది. అమ్ముకొనువాని ముఖమెట్లుండునో, కొనువాని మాట యెట్లుండునో, గడువు దాటిన ఋణము మనుష్యునెట్లు క్రుంగదీయునో ప్రత్యక్షముగా కనబడు చోటది. ముందుముందు ఋణబాధయే కథావస్తువుగా గల నాటకమును వ్రాయనున్న కవికి ఆ కచేరి యొక పాఠశాలయే యయ్యెనని చెప్పినను తప్పుండదు. అనంతరము గుంటూరు చేరి, హిందూ కళాశాలకు సంబంధించిన పాఠశాలలో ఉపాధ్యాయులుగా పనిచేసిరి.

ఉద్యోగము చేయుచునే అవధాన విద్యయందు కృషి సల్పిరి. అష్టావధానమనగా ఎనిమిది మంది పృచ్ఛకుల నడుమ కూర్చుండి, ఒకరి సమస్యను పూరించుచు, మరియొకరి నిషిద్ధాక్షరిని దాటుచు, అప్రస్తుత ప్రసంగికి బదులు చెప్పుచు, మ్రోగిన గంటలను లెక్కపెట్టుకొనుచు, చివరకు అన్ని పద్యములను వరుసగా ఒప్పగించుట. ఇందులకు ధారణయు, ధారయు రెండును వలయును. చల్లపల్లి, మైలవరము మొదలగు సంస్థానములయందు ఆయన అవధానములు జరిపి సత్కారములందిరి. తిరుపతి వేంకట కవుల ప్రభావమున అవధానము తెలుగునాట ఉద్ధృతముగా వ్యాపించియున్న రోజులవి. మరియొకరైనచో ఆ సభలతోను, ఆ శాలువలతోను తృప్తిపడి యుందురు. లక్ష్మీకాంత కవిగారు అంతటితో నిలువలేదు. పండితులు పదిమంది కూర్చుండు సభ కంటె పామరులు వేయిమంది కూర్చుండు పందిరి ఆయన నాకర్షించెను. ఆయన జీవితమునకు మలుపు ఇదియే.

ఆనాటి నాటకరంగ స్థితిని కొంచెము తెలిసికొనవలెను. 1880లో కందుకూరి వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున నాటక ప్రదర్శనమునకు శ్రీకారము చుట్టిరి. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు నాటకములలో పద్యములతోపాటు పాటలను చొప్పించి, రంగస్థలమునకు సంగీతమును జోడించిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి గయోపాఖ్యానము, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయములు ఊరూర ప్రదర్శింపబడి పద్యమును ప్రజల సొత్తుగా చేసినవి. పద్యము కావ్యములో కంటితో చదువబడును. రంగస్థలముపై చెవితో వినబడును. కావ్యములో అర్థముకాని పదమున్నచో నిఘంటువు చూడవచ్చును. నాటకములో ఆ వ్యవధి లేదు. నటుడు రాగమెత్తి చదివినంతలో అర్థము హృదయమున నాటవలెను. ఈ రహస్యమును లక్ష్మీకాంత కవిగారు బాగుగా గ్రహించిరి.

గుంటూరు మండలము ఆ రోజులలో స్వరాజ్యోద్యమమునకు కాణాచి. 1921, 1922 సంవత్సరములలో పెదనందిపాడు ఫిర్కాయందు పన్నుల నిరాకరణము జరిగినప్పుడు గ్రామోద్యోగులు తమ పదవులను వదలుకొనిరి. పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున సామాన్య రైతులు ప్రభుత్వమునకు ఎదురు నిలిచిరి. ఆ వాతావరణమున లక్ష్మీకాంత కవిగారును దేశసేవకు పూనుకొని కారాగారవాస మనుభవించిరి. స్వరాజ్య సమస్య యను పద్యకృతిని రచించిరి. 1922లో గుంటూరున చంద్రికా ముద్రణాలయమును స్థాపించిరి. బుద్ధిమతీ విలాసము, సాత్రాజితీ విలాసము, ఉత్తర రాఘవము మొదలగు నాటకములను, మణిమంజూష, బ్రహ్మరథము అను నవలలను, శివానందలహరీ శతకమును ఆయన వ్రాసిరి. కాని వీటన్నిటి కీర్తియు ఒక యెత్తు, సత్యహరిశ్చంద్రీయము ఒక్కటియు ఒక యెత్తు.

హరిశ్చంద్రుని కథ క్రొత్తది కాదు. మార్కండేయ పురాణమున నున్నది. తెలుగున గౌరన ద్విపదగా రచించి దానిని ఇల్లిల్లు చేర్చెను. కథను చూచినచో ఇది యొక అప్పు కథ. విశ్వామిత్రునకు ఇచ్చెదనన్న ధనము ఇయ్యవలసియున్నది. రాజ్యము పోయినది. గడువు దగ్గర పడుచున్నది. రాజు తానియ్యననినచో అడుగువాడు లేడు. పత్రము లేదు, సాక్షి లేడు. మాట యొక్కటియే యున్నది. ఆ మాటకొరకు కాశీనగరపు వీధిలో భార్యను, కుమారుని అమ్మెను. తుదకు తన్నుతాను వీరబాహునకు అమ్ముకొని కాటికాపరి యయ్యెను. ఈ కథను కవిగారు రాజులకు మాత్రమే చెందిన కథగా చూపలేదు. వడ్డీవ్యాపారి గుమ్మమున నిలిచిన ప్రతి సంసారి హృదయమును తాకునట్లు వ్రాసిరి. అందుచేతనే విక్రయ ఘట్టము వచ్చినప్పుడు పందిరిలోని స్త్రీలు కన్నీరు కార్చెడివారు. పురుషులు తలవంచుకొని కూర్చుండెడివారు.

ఆ నాటకమున నక్షత్రకుని పాత్ర ప్రత్యేకముగా చెప్పదగినది. విశ్వామిత్రుని శిష్యుడై, అప్పు వసూలునకు రాజువెంట అడవులు పట్టి నడచు బ్రహ్మచారి యతడు. ఎండయని, ఆకలియని, నడవలేననియు, నిలువలేననియు సణగుచు, అడుగడుగున అడ్డుపడుచు రాజదంపతులను వేధించును. తెలుగువారు విడువక వెంటబడువానిని నక్షత్రకుడని పిలుచుట వాడుకయైనది. అతని మాటలకు ప్రేక్షకులు నవ్వుదురు. నవ్వుచునే అతనిని ఏవగించుకొందురు. కరుణరసము నిండిన నాటకమున ఈ హాస్యమే లేనిచో రాత్రియంతయు కూర్చుండి దుఃఖమును భరించుట ఎవరికిని సాధ్యము కాదు. పులుసులో ఉప్పువలె అది సరిపాళ్లలో పడినది. ఈ పాత్రను కవిగారు స్వయముగా ధరించెడివారు. హరిశ్చంద్రుని వేషము కీర్తిని తెచ్చునది. నక్షత్రకుని వేషము తిట్లు తెచ్చునది. రచయిత తనకై రెండవదానిని ఎన్నుకొనుటలో ఆయన రంగస్థల జ్ఞానము వెల్లడియగుచున్నది. నాటకపు నడకయంతయు ఆ పాత్రధారి చేతిలో నుండును.

1926లో గుంటూరున ఫస్టు కంపెనీ యను నాటక సమాజమును ఆయన నెలకొల్పిరి. సత్యహరిశ్చంద్రీయము, ఉత్తర రాఘవము మున్నగు నాటకములను ఆ సమాజము పలుమారులు ప్రదర్శించెను. నాటక సమాజము నడుపుట సామాన్యమైన పని కాదు. తెరలు, కిరీటములు, దుస్తులు, హార్మోనియము, తబలా, నటుల భోజనములు, బండి బాడుగలు అన్నియు ముందు పెట్టుబడి. వాన కురిసినచో ఆ రాత్రి రాబడి సున్న. పద్యము వ్రాయుట ఒక విద్య. పద్యము చదువువానికి జీతము పంచుట మరియొక విద్య. ఆ రెండవ భారమును కూడ కవి తలకెత్తుకొనుట ఆయన పూనికకు నిదర్శనము.

ఈ నాటకమునకు సంబంధించి మరియొక విశేషము కలదు. కాటిసీనులో నటులు చదువు పద్యములలో మిక్కిలి ప్రసిద్ధమైనవి కొన్ని లక్ష్మీకాంత కవిగారివి కావు. అవి గుఱ్ఱము జాషువాగారి శ్మశానవాటి యను ఖండకావ్యములోనివి. జాషువాగారు 1895లో గుంటూరు మండలమునందే వినుకొండయందు జన్మించి, అస్పృశ్యతయను దురాచారము పెట్టు బాధను చిన్ననాటనుండి అనుభవించిన మహాకవి. కాటికాపరియైన రాజు శ్మశానమున నిలిచి మానవ జీవితపు అంతమును తలపోయు ఘట్టమునకు ఆ పద్యములు సహజముగా అతికినవి. నటులు వాటిని చేర్చుకొనిరి. ప్రేక్షకులు వాటిని విడువనియ్యలేదు. ఊరివెలుపల నుంచబడిన జాతిలో పుట్టిన కవి పలుకులు ఊరి నడుమ పందిరిలో సకల జనుల చెవులను తాకినవి. రాజు, కాటికాపరి శ్మశానమున సమానులన్న కథార్థము ఇట్లు నాటకము వెలుపల కూడ కొంత నిజమైనది. కొందరు ఇది మూల గ్రంథమునకు అపచారమనిరి. కాని ఇద్దరు కవుల పద్యములు ఒక్క వేషధారి కంఠమున పొరపొచ్చెము లేక కలిసిపోవుట ఇద్దరికిని గౌరవమే. అయినను ఎవరి పద్యము ఎవరిదో తెలిసి చెప్పుట మన విధి.

పద్యనాటకముపై పండితులకు ఆక్షేపణలు లేకపోలేదు. పద్యము కంటె రాగము పెద్దదైనదనియు, సంభాషణ నడుమ హార్మోనియము చొరబడుట అసహజమనియు, జనులు వన్స్‌మోరు అని కేకలు వేయగా చనిపోయిన పాత్ర సైతము లేచి మరల పద్యమెత్తుకొనుట హాస్యాస్పదమనియు వారనిరి. ఇందులో నిజము లేకపోలేదు. ఒక్క పద్యమును అరగంట సాగదీసిన నటులును గలరు. కాని దీనికి మరియొక ప్రక్క గలదు. బడి లేని ఊళ్లు, బడియున్నను పిల్లలను పొలమునుండి పంపలేని ఇండ్లు ఆనాడు అధికము. అట్టివారికి ఉత్పలమాల నడక, చంపకమాల పోకడ, సీసపద్యపు విరుపు తెలిసినది నాటకముచేతనే. యతి ప్రాసల పేర్లు తెలియకున్నను, నటుడు తప్పు చదివినచో ముందు వరుసలోని ముసలి రైతు తల అడ్డముగా ఆడించెడివాడు. ఛందస్సును చెవికి నేర్పిన పాఠశాల యది. చదువురాని వారికి నాటకమే గ్రంథాలయము.

చలనచిత్రము మాటలాడ నేర్చిన తరువాత రంగస్థలమునకు పరీక్షాకాలము వచ్చెను. తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాద 1932 ఫిబ్రవరి 6వ తేదీన విడుదలయ్యెను. తొలినాళ్లలో తెలుగు చిత్రములు కలకత్తా, బొంబాయి, కొల్హాపురము మొదలగు దూరనగరములయందు తయారైనవి. కథలు, నటులు, పద్యములు అన్నియు నాటకరంగమునుండి పోయినవే. చిత్రపు నరసింహారావుగారి ప్రోత్సాహమున లక్ష్మీకాంత కవిగారు చిత్రసీమయందు ప్రవేశించి, లవకుశ చిత్రమునకు మాటలు వ్రాసిరి. సి. పుల్లయ్యగారి దర్శకత్వమున 1934లో వెలువడిన ఆ చిత్రమును చూచుటకు పల్లెజనులు బండ్లు కట్టుకొని పట్టణములకు పోయిరి. 1935లో హరిశ్చంద్ర కథయు చిత్రమై, అద్దంకి శ్రీరామమూర్తిగారు హరిశ్చంద్రుడుగాను, కన్నాంబగారు చంద్రమతిగాను తెరపై కనిపించిరి.

నాటకమునకు వ్రాయుట వేరు, చిత్రమునకు వ్రాయుట వేరు. పందిరిలో నటుడు పద్యమును తన యిచ్చవచ్చినంత సేపు పాడవచ్చును. చిత్రములో నిడివి ముందే నిర్ణయింపబడును. గ్రామఫోను పలక ఒక ప్రక్క సుమారు మూడు నిమిషములే పాడును. పాట యంతలో ముగియవలెను. నాటకములో కవి పద్యమిచ్చిన తరువాత నటుడు రాగము చూచుకొనును. చిత్రములో పలుమారు వరుస ముందు పుట్టును. కవి ఆ వరుసకు మాటలు కూర్చవలెను. అవధానములో అక్షరము నిషేధింపబడిన చోటులను దాటిన అనుభవము ఆయనకు ఇక్కడ అక్కరకు వచ్చెను. యాభైయేండ్లు దాటిన వయసున, సంస్కృత సమాసములలో పెరిగిన కవి క్రొత్త పనిని నేర్చుకొనుటకు సంకోచింపలేదు.

1939వ సంవత్సరము ఆయన చిత్రజీవితమున ముఖ్యమైనది. ఆ యేట వై. వి. రావుగారి దర్శకత్వమున మళ్ళీపెళ్ళి వెలువడెను. బాలవితంతువునకు మరల వివాహము చేయవచ్చునా యన్నది దాని విషయము. కాంచనమాలగారు నాయిక, ఓగిరాల రామచంద్రరావుగారు సంగీతమును కూర్చిరి, మాటలు, పాటలు లక్ష్మీకాంత కవిగారివి. వీరేశలింగముగారు తొలి వితంతు వివాహమును 1881లో జరిపించిరి. కవిగారు పుట్టినదియు ఆ సంవత్సరమే. యాభైయెనిమిది ఏండ్లు గడచినను అది యింకను వాదవిషయముగానే యుండెను. శాస్త్రము చదివిన కుటుంబములో పుట్టిన కవి ఆ పీడిత బాలిక పక్షమున కలము పట్టుట గమనింపదగినది. అదే సంవత్సరమున కాళ్లకూరి నారాయణరావుగారి వరవిక్రయ నాటకము సి. పుల్లయ్యగారిచే చిత్రముగా రూపొందెను. వరకట్నమును ఖండించు ఆ చిత్రమునకు రచనా సహాయము చేయుటయేగాక కవిగారు అందు వేషమును ధరించిరి. భానుమతిగారు తొలిసారిగా తెరపై కనిపించినది ఆ చిత్రమునందే. కాశీలో భార్య నమ్మిన రాజు కథను వ్రాసిన కవియే, కళ్యాణ మండపమున వరుని అమ్ము తండ్రుల కథకును మాటలు కూర్చుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని మనుష్యుని వెలకట్టుట యెంత హేయమో రెండు కథలును చెప్పుచున్నవి.

1942లో జెమినీవారి బాలనాగమ్మ వచ్చెను. పల్లెలలో బుఱ్ఱకథగా వినిన కథ తెరకెక్కగా జనులు విరగబడి చూచిరి. కాంచనమాలగారు బాలనాగమ్మగాను, గోవిందరాజుల సుబ్బారావుగారు మాయల మరాఠీగాను నటించిన ఆ చిత్రమునకు కూడ కవిగారి రచన తోడ్పడెను. 1944లో తాసిల్దారు వెలువడెను. పురాణము, జానపదము, సాంఘికము మూడింటను ఆయన చేయి నడచినది. మొత్తము సుమారు పాతిక చిత్రములకు ఆయన రచన చేసిరి. కొన్నింట పాత్రలు ధరించిరి.

తుదిదినములలో ఆయన చిత్రసీమ సందడినుండి తొలగి శ్రీకాళహస్తి చేరిరి. స్వర్ణముఖీ నదీతీరమున, ధూర్జటి మహాకవి శతకము చెప్పిన స్వామి సన్నిధిని కాలము గడపిరి. రాజుల కొలువును ఈసడించి ఈశ్వరుని ఆశ్రయించిన ధూర్జటి దారినే ఈయనయు కాళహస్తీశ్వరునిపై శతకమును రచించిరి. సంస్థానములు చూచిరి, కారాగారము చూచిరి, నాటకశాలలు చూచిరి, చిత్రశాలలు చూచిరి. తుదకు దేవాలయ ప్రాంగణమున విశ్రమించిరి. 1953 జూన్ 30వ తేదీన, తమ డెబ్బదిరెండవ యేట, పరమపదించిరి.

ఆయన పోయిన తరువాత సత్యహరిశ్చంద్రీయము ఆగలేదు. డి. వి. సుబ్బారావుగారు, చీమకుర్తి నాగేశ్వరరావుగారు మొదలగు నటులు ఆ పద్యములతో తరతరముల ప్రేక్షకులను అలరించిరి. చిత్రములు మారినవి, తొలినాటి పాటలు వెనుకబడినవి. ఆయన వ్రాసిన చిత్రగీతములను నేడు పాడువారు అరుదు. పద్యములు మాత్రము నిలిచినవి. ఏల నిలిచినవనగా, అవి ఒక్కని కంఠమునకు గాక ఊరందరి కంఠమునకు వ్రాయబడినవి.

కవి తన పద్యమునకు వెల యడుగడు. ఊరూర దానిని చదువుకొన్నవారు ఆయనకు ఏమియు చెల్లింపలేదు. చెల్లింపవలెనని ఎవరికిని తోచలేదు. పత్రము లేదు, సాక్షి లేడు. అయినను అది ఋణమే. హరిశ్చంద్రుని కథ రాత్రియంతయు మేలుకొని చూచినవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. పద్యము చదువునప్పుడు వ్రాసినవాని పేరు చెప్పుటయు, పిల్లలకు చెప్పించుటయు, నాటక పుస్తకమును గ్రంథాలయపు బీరువాలో చినగకుండ కాపాడుటయు ఆ ఋణములో కొంతయైనను తీర్చుట యగును.